పంపు పెట్టిన ప్రెసిడెంటు

మా నాన్న మంచి ప్రెసిడెంటా కాదా అన్న తగువు మా కాలనీలో ఇప్పటికీ తెగలేదు. ఆయన ఆ పదవిలోంచి దిగి ఇన్నేళ్ళయినా, ఏ పెళ్ళిలోనో పాత పొరుగువాళ్ళు ఎదురుపడితే విస్తరి ముందు కూచున్నాక ఆ మాట ఎత్తుతారు. ఒకాయన ఆహా అంటాడు, పక్కనున్నాయన మూతి తిప్పుకుంటాడు. నేను వస్తున్నానని తెలిస్తే ఇద్దరూ సద్దుకుంటారు, నాకు నోరెక్కువని వాళ్ళకు తెలుసు. ఆ విషయంలో నా అభిప్రాయం నాకుంది. కూతుర్ని కాబట్టి అది చెల్లదంటే ఒప్పుకోను. ఆయన్ని రోజూ ఇంట్లో చూసింది నేను, వాళ్ళు కాదు.

ఇది తొంభైల చివర్లో మాట. సీతమ్మధార దాటి ఇంకా లోపలికి, కొండ వారన, పోర్టులోనూ స్టీలుప్లాంటులోనూ పనిచేసేవాళ్ళు కొందరు కలిసి స్థలాలు కొనుక్కుని ఇళ్ళు కట్టుకున్నారు. సగంమంది మాలాగే గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఉద్యోగాలకొచ్చినవాళ్ళు. మిగతావాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. వీధులు మూడే, ఒకదానిమీద ఒకటిగా కొండమీదికి ఎక్కుతాయి. కింద వీధి చివర కాలనీ సొంత బోరు, దాని పక్కన ట్యాంకు. మునిసిపాలిటీ నీళ్ళు ఇంకా మా దాకా రాలేదు. పొద్దున్నపూట కాసేపు నీళ్ళు వదిలితే కింద వీధిలో బిందెలు పొర్లిపోయేవి, నడిమి వీధికి చాలీచాలకుండా సరిపోయేవి, పై వీధికి చేరేసరికి పంపులు దగ్గేవి. మాది నడిమి వీధి.

నాన్న పోర్టులో క్రేన్ల దగ్గర పనిచేసేవారు. కాలనీ సంఘానికి ప్రెసిడెంటు కావాలని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆ ఏటి సమావేశంలో ఎవరుంటారని అడగ్గానే అందరూ తలలు దించుకుని చెప్పులు చూసుకున్నారట. నాన్న ఒక్కరే తలెత్తి కూచున్నారు. అంతే, ఎన్నికైపోయారు. ఇంటికొచ్చి నవ్వుతూ ఆ సంగతి చెబితే అమ్మ నవ్వలేదు. "కొరివితో తల గోక్కున్నట్టే" అంది.

ఎదురింటాయన సెక్రటరీ. స్టీలుప్లాంటులో ఫోర్‌మన్, కృష్ణా జిల్లా మనిషి. రూలు తప్పితే ఆయనకు అన్నం సయించదు. నాన్నకేమో పని ఆగితే సయించదు. ఇద్దరూ మంచివాళ్ళే కావడం వల్ల ఒకరంటే ఒకరికి అసలు పడేది కాదు.

మొదటి ఏడాదే జనం రెండుగా చీలారు. నాన్న వీధి దీపాలు వేయించారు. చవితి పందిట్లో మైకు పెందలాడే కట్టించేశారు. పరీక్షలకు చదివే పిల్లల తల్లులు దీవించారు, పందిరి వేసిన కుర్రాళ్ళు తిట్టారు. నాన్న ఏం చేసినా ఒకే పనికి రెండు కథలు పుట్టేవి. ఒకసారి కిరాణా కొట్టు దగ్గర జీలకర్ర కోసం నిలబడితే నా ముందే ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, నేనెవరో తెలియక.

"ఏటి బావా, పెసిడెంటు బాగానే సేత్తన్నాడు గదా?"

"ఏటి బాగు? లైట్లు ఏయించినాడు సరే. ఎవులింటి ముందర ఏయించినాడు? ఆలింటి ముందరే గదా."

"ఓరి, ఆ స్తంబం ఆయన ఇల్లు కట్టకముందునుండీ అక్కడే ఉన్నాది బావా."

"అయితే స్తంబం సూసుకునే ఇల్లు కట్టినాడన్నమాట!"

నేను ఊరుకోలేకపోయాను. "ఆ లైటు మా మావిడి చెట్టు కొమ్మకే సరిపోతోంది, కావాలంటే మీ ఇంటి ముందుకు పట్టుకుపొండి" అని జీలకర్ర పొట్లం లాక్కుని వచ్చేశాను. ఇంటికొచ్చాక అమ్మ చీవాట్లు పెట్టింది. పదవి నాన్నదైతే మాటలు పడాల్సింది ఇంటిల్లిపాదీ అని అప్పటికే అమ్మకు అర్థమైంది. నాకింకా కాలేదు.

అసలు చిక్కు వానలు ఎగ్గొట్టిన ఏడు వచ్చింది. కొండ మలుపు అవతల ఒక పాత ఊరుంది. మా కాలనీ కట్టిన నేల ఒకప్పుడు వాళ్ళ జీడితోటలే. ఆ ఊరినుంచి ఒకావిడ రోజూ పొద్దున్నే గంపలో ఆకుకూరలు తెచ్చి మా వీధుల్లో అమ్మేది. ఒకరోజు గంప లేకుండా వచ్చి మా అరుగుమీద కూలబడింది. ఏమైందని నాన్న అడిగారు.

"ఏటి సెప్పమంటారు బాబూ. మడి తడపడం మాట దేవుడెరుగు, తాగడానికే నీల్లు నేవు. నుయ్యి ఎండిపోనాది. మీ బోరు ఏసిన కాడినుండీ రోజుకింత కిందకి దిగిపోతానే ఉన్నాది. నాను మిమ్మల్ని అనడం నేదు. ఉన్న మాట సెప్తన్నాను."

నాన్న ఆ మాటకి చొక్కా తగిలించుకుని ఆవిడ వెంట వెళ్ళారు. నేనూ వెళ్ళాను. నూతిలో చేద వేస్తే బురద పైకొచ్చింది. నాన్న ఆ బురద చేత్తో తీసి చూశారు. మర్నాడు పని తెలిసిన మనిషిని పిలిపించి, ట్యాంకునుంచి పైపు లాగించి, కాలనీ ప్రహరీ గోడకి అవతలి పక్క ఒక పంపు పెట్టించేశారు. ఎవర్నీ అడగలేదు.

సాయంత్రం సెక్రటరీగారు వచ్చారు. కూచోమంటే కూచోలేదు.

"కమిటీకి చెప్పకుండా గోడకి కన్నం పెట్టించారేంటండీ?"

"మీరు మీటింగు పెట్టి, కాయితం రాసి, సంతకాలు పెట్టించేసరికి కార్తీకం వస్తుంది. అందాకా దాహం ఆగుతుందా?"

"ఆగదు. నన్నొక్క మాట అడిగుంటే నేను వద్దనేవాణ్ణా? అదీ నా బాధ" అని ఆయన వెళ్ళిపోయారు.

ఆ మాటలో న్యాయం ఉందని అమ్మ అంది. నాన్న ఒప్పుకోలేదు. నేను నాన్న పక్షం. ఆ నూతిలోంచి వచ్చిన బురద చూసినవాళ్ళెవరికైనా కమిటీ గుర్తొస్తుందా అని నాకు ఒళ్ళు మండింది.

అప్పటినుంచి కాలనీలో రెండే మాటలు. పంపు పెట్టి పుణ్యం కట్టుకున్నాడనేవాళ్ళు కొందరు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు మన నీళ్ళతో పేరు తెచ్చుకుంటున్నాడనేవాళ్ళు కొందరు. పై వీధివాళ్ళ కోపానికి కారణం లేకపోలేదు. అంతంతమాత్రంగా దగ్గే వాళ్ళ పంపులు ఇప్పుడు దగ్గడం కూడా మానేశాయి. బాలింతరాలున్న ఇంట్లో కూడా బిందెలు పట్టుకుని కిందికి దిగాల్సొచ్చేది. మా గేటు ముందునుంచి వెళుతూ వాళ్ళు కావాలని బిందెల్ని చప్పుడు చేసేవారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పంపు నాన్నని మార్చింది. రోజూ పొద్దున్న డ్యూటీకి వెళ్ళేముందు ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడ దగ్గరికి వెళ్ళి నిలబడేవారు. ఆ ఊరివాళ్ళు "దండాలు పెసిడెంటు బాబూ" అంటే తలపంకించేవారు. నీళ్ళు పట్టుకోవడానికి వచ్చిన మనుషులకి దండం పెట్టే పని కూడా తగలడం నాకు నచ్చలేదు. అమ్మ అయితే ఒకరోజు అనేసింది: "మీరు అక్కడ నిలబడకపోయినా నీళ్ళు వస్తాయండీ." నాన్న రెండు రోజులు అమ్మతో ముభావంగా ఉన్నారు.

శ్రావణం వచ్చినా చినుకు లేదు. ఒక పొద్దున్న గోడ అవతల కేకలు వినబడి పరుగెత్తాం. ఎవరో పంపుని బండరాయితో కొట్టేశారు. పైపు వంగిపోయి నీళ్ళన్నీ ఇసకలోకి పోతున్నాయి. ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఆ ఊరి మగవాళ్ళు.

"ఎవుడ్రా పంపు ఇరగ్గొట్టినోడు? మా బూముల్లో ఇల్లు కట్టుకుని మాకే నీల్లు నేకుండా సేస్తార్రా? రండ్రా బయటికి!"

పై వీధి కుర్రాళ్ళు కొందరు క్రికెట్ బ్యాట్లు పట్టుకుని దిగిపోయారు. నాన్న గోడ ఎక్కి రెండు గుంపుల మధ్యకి దూకారు. దూకినవారు ఊరుకోక, పై వీధి వైపు తిరిగి "చేతనైతే నన్ను కొట్టండి, పంపుని కాదు" అని అరిచారు. ఒక బ్యాటు లేచింది కూడా. సెక్రటరీగారు వెనకనుంచి వచ్చి ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని తోసేశారు. తరవాత నాన్న చెయ్యి కూడా అంతే గట్టిగా పట్టుకుని పక్కకి లాగారు. ఆకుకూరలావిడ తన ఊరివాళ్ళని పేరు పేరునా తిట్టి వెనక్కి పంపింది. ఆ పూటకి చల్లారింది. పంపు మళ్ళీ పెట్టించారు గానీ, ఆ సాయంత్రమే పై వీధివాళ్ళు ప్రెసిడెంటుమీద తమకు నమ్మకం లేదని, మీటింగు పెట్టి తేల్చాల్సిందేనని పట్టుబట్టారు.

ఆ వారంలోనే శ్రావణ శుక్రవారం. అమ్మ ఏటా వరలక్ష్మీ వ్రతం చేసి కాలనీ ఆడవాళ్ళందర్నీ పేరంటానికి పిలిచేది. ఈ గొడవలో ఎందుకు, కింద వీధిని పిలిచి ఊరుకో అన్నాను నేను. "పసుపుకుంకాల దగ్గర పార్టీలుంటాయా?" అని అమ్మ కుంకం భరిణ పట్టుకుని బయల్దేరింది. నన్నూ తోడు లాక్కెళ్ళింది. పై వీధిలో ఒకావిడ తలుపు సగమే తీసి, నుదురు మాత్రం బయటపెట్టి బొట్టు పెట్టించుకుంది. ఇంకో ఇంట్లో పిలిచినా పలకలేదు, లోపల రేడియో మోగుతూనే ఉంది. అమ్మ గడపకి బొట్టు పెట్టి వచ్చేసింది. నేను పళ్ళు పటపటా కొరుకుతున్నాను. అమ్మ మాత్రం ఒక్క గుమ్మం కూడా వదల్లేదు.

పేరంటం రోజు సాయంత్రం అమ్మకీ నాకూ గుండె దడే. నానబెట్టిన శెనగలన్నీ మిగిలిపోతాయేమో అని నేను, అమ్మవారికి తక్కువవుతుందేమో అని అమ్మ. నాన్నయితే వసారాలో కుర్చీ వేసుకుని, పేపరు అడ్డం పెట్టుకుని, గేటు వైపే చూస్తున్నారు. మొదట కింద వీధివాళ్ళు వచ్చారు. తరవాత సెక్రటరీగారి భార్య పట్టుచీర కట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. ఆ తరవాత పై వీధివాళ్ళు, ఒక్కొక్కరు కాదు, గుంపులుగా. తలుపు సగం తీసినావిడా వచ్చింది. రేడియో ఇంటావిడా వచ్చింది. ఇల్లంతా చీరల గరగర, గంధం వాసన. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టేశారు. ఆ మొహంలో అంత వెలుగు నేను చాలా రోజుల తరవాత చూశాను.

లోపల సెక్రటరీగారి భార్య పీటమీద కూచుంది. అమ్మ ఆవిడ పాదాలకు పసుపు రాస్తోంది, నేను తాంబూలం పళ్ళెం పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆవిడ ముందుకు వంగి గొంతు తగ్గించింది.

"వదినగారూ, లక్ష్మీదేవి ముందర చెబుతున్నాను. మా ఆయనకి పంపు మీద కోపం లేదు. పై వీధివాళ్ళ కోపం కూడా నీళ్ళ మీద కంటే అన్నయ్యగారి మీదే ఎక్కువ. ఆయన ఆ కుర్చీలో ఉన్నంతకాలం వాళ్ళు ఆ పంపుని బతకనివ్వరు, ఇవాళ కాకపోతే రేపు మళ్ళీ కొడతారు. ఈసారి తలలే పగులుతాయి. అన్నయ్యగారు తనంతట తాను తప్పుకుంటే, మా ఆయన పగ్గాలు తీసుకుని వాళ్ళని ఆపుతానంటున్నారు. పంపుకి నేను పూచీ."

అమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. తరవాత రెండో పాదానికి కూడా పసుపు రాసి, లేచి ఆవిడకి శెనగలు కొంగులో పోసింది.

ఆడవాళ్ళంతా వెళ్ళాక నాన్న ఉయ్యాలబల్ల మీద కూచుని ఊగుతున్నారు. "చూశావుటోయ్? పై వీధి మొత్తం దిగొచ్చింది. నన్ను కాదనేవాళ్ళు నలుగురూ మిగిలారో లేదో. మీటింగంటే భయపడతాననుకుంటున్నారు, పెట్టమను" అన్నారు.

అమ్మ ఆ మాట విని నిలబడిపోయింది. "వాళ్ళు మీకోసం రాలేదండీ. బొట్టు పెట్టి పిలిచానని వచ్చారు. బొట్టు పెట్టి పిలిస్తే శత్రువింటికైనా వస్తారు."

"అదంతా నీ మొహమాటం. ఇష్టం లేనివాళ్ళు గడప తొక్కుతారా?"

అప్పుడు అమ్మ సెక్రటరీగారి భార్య చెప్పిన మాట మొత్తం చెప్పింది. నాన్న ఉయ్యాల ఆపేశారు. "ఆడవాళ్ళు పేరంటంలో అనుకున్న మాటలు నమ్మి ఒక ఊరి నీళ్ళు పణం పెట్టమంటావా?" అన్నారు. అదే పేరంటాన్ని నమ్ముకుని ఆయన తన కుర్చీని పణంగా పెడుతున్నారన్న సంగతి ఆయనకి తట్టలేదు. నాకు తట్టింది గానీ, నేను నాన్న పక్షం కదా, ఆ పూట నోరు విప్పలేదు.

మర్నాడు సెక్రటరీగారు స్వయంగా వచ్చారు. ఈసారి కూచున్నారు. "ప్రెసిడెంటుగారూ, మీటింగు లేకుండానే తేల్చుకుందాం. మీరు ఆరోగ్యం బాగాలేదని తప్పుకోండి. ఆ పంపుని కమిటీ పంపు చేస్తాను. పై వీధికి విడిగా పైపు వేయించి, ముందు వాళ్ళకి నీళ్ళు వదిలి తరవాత ఊరికి వదుల్దాం. మీరు గెలిచినా వాళ్ళు ఊరుకోరు. నేను ప్రతిసారీ చేతులు పట్టుకుని ఆపలేను" అన్నారు.

"నా ఆరోగ్యం నిక్షేపంలా ఉంది. ఆదివారమే పెట్టండి. అందరి ముందూ చేతులెత్తించండి" అన్నారు నాన్న.

సెక్రటరీగారు అమ్మ వైపు చూసి లేచి వెళ్ళిపోయారు. ఆదివారం దాకా మా ఇంట్లో గిన్నె కిందపడినా ఉలిక్కిపడ్డాం. ఆ ఊరివాళ్ళకి కూడా తెలిసింది. ఆకుకూరలావిడ గోడ అవతలనుంచి నన్ను పిలిచి అడిగింది: "అమ్మా, బాబుగోరు ఓడిపోతే మా పంపు తీసేస్తారంట గదా, నిజవేనా?"

ఆదివారం సాయంత్రం ట్యాంకు పక్కన ఖాళీ స్థలంలో కుర్చీలు వేశారు. మా సంఘంలో ఇంటికొక ఓటు. ఇల్లు ఎవరి పేరుమీద ఉంటే ఓటు వాళ్ళదే అయినా, చెయ్యి ఎత్తేది మాత్రం ఎప్పుడూ మగవాళ్ళే. ఆడవాళ్ళు గేట్ల దగ్గర నిలబడి చూసేవారు. ఆ రోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, చివరి వరసలో కుర్చీ లాక్కుని కూచుంది. నాన్నకి బలం కోసం వచ్చామనుకున్నాను నేను. నాన్న కూడా అదే అనుకున్నట్టున్నారు, మమ్మల్ని చూసి మొహం విప్పారింది. ప్రహరీ గోడమీద ఆ ఊరివాళ్ళ తలలు వరసగా కనిపిస్తున్నాయి.

మాటలు చాలాసేపు జరిగాయి, వాటిని ఇక్కడ రాయను. నాన్న ఎవర్నీ మాట పూర్తి చెయ్యనివ్వలేదు. పై వీధి పెద్దాయన, బాలింతరాలి మామగారు, ఏదో చెప్పబోతే మధ్యలో అందుకుని, "మొన్న శుక్రవారం మీ ఇంటివాళ్ళంతా మా ఇంటికొచ్చి తాంబూలం పుచ్చుకున్నారుగా, ఇవాళ ఈ మాటలేంటి?" అన్నారు. గేట్ల దగ్గరున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా కదిలారు. రేడియో ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ మొహంలో రక్తం లేదు. లక్ష్మీదేవికని పిలిచిన ఆడవాళ్ళని ఆయన నలుగురిలో లెక్కకి తీసుకొచ్చారు. అంత సిగ్గు నాకు మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు.

సెక్రటరీగారు లేచి, "ప్రెసిడెంటుగారిమీద నమ్మకం లేనివాళ్ళు చేతులెత్తండి" అన్నారు. పై వీధి చేతులన్నీ లేచాయి. కింద వీధి కదల్లేదు. నడిమి వీధివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. లేచిన చెయ్యి సగంలో ఆగి చెవి గోక్కుంటోంది, ఇంకొకటి దిగిపోతోంది. ఇటో అటో తెలియడం లేదు. సెక్రటరీగారు ఒకసారి లెక్కపెట్టి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. వెనకనుంచి ఎవరో వెటకారంగా "ప్రెసిడెంటుగారింటి ఓటు ఎవరిదండీ?" అని అరిచారు.

నాన్న జాతకంలో స్థిరాస్తి యోగం లేదని ఎవరో చెబితే మా స్థలం, ఇల్లు అమ్మ పేరునే పెట్టారు. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు, నాన్నకి కూడా.

అమ్మ లేచి నిలబడింది. "ఇల్లు నా పేరుమీద ఉంది" అంది. కొంగు భుజంమీదికి లాక్కుని కుడి చెయ్యి ఎత్తింది. గాజులు మోచేతి దాకా జారాయి. ఎటు ఎత్తిందో అర్థం కావడానికి అందరికీ కాస్త సమయం పట్టింది. తరవాత నడిమి వీధిలో చేతులు ఒకదాని తరవాత ఒకటి లేచాయి, ఇక లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది. నాన్న అమ్మనే చూస్తున్నారు. అమ్మ మాత్రం చెయ్యి దించకుండా సెక్రటరీగారి వైపే చూసింది, ఆయన తల ఊపేదాకా.

ఇంటికి నాన్న ముందు, ఆ వెనక అమ్మ, చాలా వెనక నేను. ఆయన లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు. అమ్మ కంచం పెట్టి పిలిస్తే లేవలేదు. నాకు ఆగలేదు. వంటింట్లోకి వెళ్ళి అరిచాను. "పరాయివాళ్ళే చెయ్యెత్తడానికి జంకారు. నువ్వెత్తావా? నాన్నని అందరి ముందూ అలా చేస్తావా?"

అమ్మ పొయ్యి గట్టు తుడుస్తూ, నా వైపు తిరక్కుండానే చెప్పింది. "మీ నాన్న ఎలాగూ ఇంట్లో మిగులుతారు. ఆ పంపు పోతే వాళ్ళకి ఇంకోటి లేదు."

ఆ మాటకి నా కోపం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోయిందని చెప్పలేను.

పొద్దున్నే అమ్మ అందరికంటే ముందు లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆ ఊరి ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని చూస్తున్నారు. పై వీధి కుర్రాళ్ళు ట్యాంకు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. పైపుకి కొత్తగా తాళం వేలాడుతోంది. అమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకుందో. సెక్రటరీగారు, ఇక ఆయనే ప్రెసిడెంటు, తాళంచెవి తీసుకుని వచ్చారు. మొదట పై వీధికి నీళ్ళు వదిలించారు. వాళ్ళ బిందెలు నిండేదాకా అక్కడే నిలబడ్డారు. ఆ తరవాత గోడ దగ్గరికి నడిచారు. ఒక కుర్రాడు "సార్, వద్దు" అని అడ్డం రాబోయాడు. "కమిటీ ఒప్పుకుంది. ఏదైనా ఉంటే నాతో మాట్లాడు" అని ఆయన తాళం తీశారు. గోడ అవతల బిందెలో నీళ్ళు పడ్డ చప్పుడు వినబడింది.

ఆకుకూరలావిడ గోడమీదుగా మెడ చాచి చూసింది. "ఏటమ్మగోరూ, బాబుగోరు రానేదేటి? ఒంట్లో బాగునేదా?"

"బాగానే ఉన్నారమ్మా. పట్టుకోండి" అంది అమ్మ.

ఇంటికొచ్చేసరికి నాన్న వసారాలో కూచుని ఉన్నారు. గళ్ళ లుంగీ, నిన్నటి చొక్కా. అమ్మ గడపలో ఆగి, "నీళ్ళు వదిలారు" అంది.

"విన్నాను."

రోడ్డుమీద షిఫ్టు బస్సు వచ్చి వెళ్ళింది, నాన్న లేవలేదు.

"నిన్న నువ్వు లేవకముందే, నేనే లేచి తప్పుకుంటున్నానని చెబుదామనుకున్నాను" అన్నారు చివరికి. "లక్ష్మీ తాంబూలం మాట నా నోట్లోంచి రాగానే అనుకున్నాను. నోరు పెగల్లేదు."

అమ్మ ఆయన్ని అలాగే చూసింది. నిన్నటినుంచి ఒక్క చుక్క రాని కళ్ళు అప్పుడు నిండాయి.

"నా చెయ్యి మాత్రం తేలిగ్గా లేచిందనుకున్నారా?" అంది.